ఆ క్యాసెట్టులో ఒక బొమ్మ ఉంది

మాస్టారి పెద్దకర్మకి బాపట్ల వెళ్ళాను. భోజనాలయ్యి చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతుంటే అమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "నాన్నా, ఆయన గదిలో బీరువా మీద బిస్కట్ల డబ్బా ఒకటుంది, అది నీకిమ్మన్నారు, మర్చిపోతానేమో, ఇప్పుడే దించుకో" అన్నారు. స్టూలెక్కి దించాను. మూత తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. వచ్చాక మాత్రం లోపల్నుంచి సోల్డరింగ్ ఫ్లక్సు వాసన గుప్పుమని కొట్టింది. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన అలా ఎలా ఉందో తెలీదు గానీ, ఒక్క క్షణం నేను ఇంటర్ చదివే కుర్రాణ్ణి, అది సాయంత్రం ఆరు, పక్క గదిలో రేడియో మోగుతోంది.

డబ్బాలో ఎనామిల్ తీగ చుట్ట ఒకటి, మూడు క్రిస్టల్స్, రేడియోలో కలిసినందుకు గుర్తుగా పోస్టులో వచ్చే క్యూఎస్ఎల్ కార్డుల కట్ట, దాని రబ్బరు బ్యాండు ఎండి అతుక్కుపోయింది, అడుగున ఒక క్యాసెట్టు. క్యాసెట్టు మీద మాస్టారి గుండ్రటి రాతలో "బొమ్మ. కరెంటు లేదు. 14.230" అని ఉంది. చివరిది ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లో. దాన్ని చేతిలో పట్టుకుని ఆ స్టూలు మీదే చాలాసేపు కూర్చున్నాను.

హ్యామ్ రేడియో వాళ్ళలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునేవాళ్ళలో, ఎవరైనా పోతే "సైలెంట్ కీ" అంటారు, మోర్స్ కొట్టే మీట ఇక పలకదని. మా మాస్టారు మోర్స్ బాగా కొట్టేవారు, కానీ నాకు ఆయన గుర్తుండిపోయింది బొమ్మల వల్ల. గాల్లో శబ్దంగా వచ్చే బొమ్మలు. దాన్ని ఎస్ఎస్‌టీవీ అంటారు, స్లో స్కాన్ టెలివిజన్.

ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం అరుగు మీద చాప పరిచి మా ఎనిమిది మందికి ట్యూషన్ చెప్పేవారు. నేను చేరిన మొదటి వారంలోనే, కటకాల లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి వేలు పైకెత్తారు. లోపలి గదిలోంచి ఏదో కీచుగొంతు, కీచురాయి అరుస్తున్నట్టు, కానీ తాళం వేస్తున్నట్టు మధ్యమధ్యలో టిక్ టిక్ మని కొట్టుకుంటోంది. "మార్టిన్" అన్నారు మాస్టారు, లేచి లోపలికెళ్ళిపోయారు. ఎవరో మనిషి వచ్చాడనుకున్నాం. తర్వాత తెలిసింది, అది బొమ్మ పంపే ఒక పద్ధతి పేరని, దాన్ని తయారుచేసిన ఇంగ్లండు హ్యామ్ మార్టిన్ ఎమర్సన్ పేరు మీదే అలా పిలుస్తారని. అంటే అది మనిషి పేరే.

నేను ఆయన వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూశాను. "రా, చెప్పులు బయట వదిలి రా" అన్నారు. గదంతా తీగలు. టేబుల్ మీద కంప్యూటరు, దాని పక్కన రేడియో సెట్టు, దాన్నుంచి కంప్యూటరు వెనక్కి ఒక సన్నటి తీగ. మానిటర్ మీద నల్లటి పెట్టెలో పైనుంచి కిందకి గీత తర్వాత గీత పడుతోంది. ముందు నీలం, దాని కింద తెలుపు, ఆ తెలుపులోంచి ఒక ఇంటి కప్పు బయటికొచ్చింది. మంచు కప్పిన ఇల్లు. పైన ఎర్రటి అక్షరాల్లో కాల్ సైన్, పంపే స్టేషన్ గుర్తు. "రష్యా" అన్నారు మాస్టారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే. నేను అప్పటిదాకా మంచు చూసింది సినిమాల్లోనే. ఇది సినిమా కాదు, ఎవరో ఆయన తన ఇంటి ఫోటో ఇప్పుడే, ఈ నిమిషంలోనే పంపుతున్నాడు, అది అరుస్తూ వచ్చి బాపట్లలో దిగుతోంది. ఒళ్ళు జలదరించింది.

బొమ్మ పూర్తవ్వడానికి 114 సెకన్లు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారేమో. కానీ ఆ రెండు నిమిషాలూ మేము ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. పైన ఆకాశం వచ్చాక కింద ఏమొస్తుందో తెలీదు. చెట్టా, మనిషా, పిల్లా? మధ్యలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు పడేవి, మళ్ళీ తేరుకుంటే మొహం కనబడేది.

కిటుకు మాస్టారు ఈల వేసి చెప్పేవారు. నిజంగానే ఈల. నలుపంటే 1500 హెర్ట్జ్, తెలుపంటే 2300, ఆ మధ్యలోవన్నీ మధ్య రంగులు. ఒక గీత అయిపోయి కొత్త గీత మొదలైందని చెప్పడానికి 1200 దగ్గర చిన్న టిక్కు. ఒక్కో గీతనీ మూడుసార్లు పంపుతారు, పచ్చ, నీలం, ఎరుపు. మొత్తం 256 గీతలు. అంతకుమించి మాయేమీ లేదు. మైకు తగిలించి, ప్రోగ్రామ్‌ని చేత్తో స్టార్ట్ చేసి ఈల వేయమనేవారు. సన్నగా వేస్తే తెర తెల్లబడేది, గొంతు దించితే చీకటి పడేది, ఊపితే రంగు చారలు పరుచుకునేవి. ఆ వేసవంతా నేను ఈలతో బొమ్మ గీయాలని చూశాను. ఇల్లూ చెట్టూ ఏవీ కుదరలేదు గానీ, ఒకసారి అలల్లాంటివి వచ్చాయి, "మన సూర్యలంక బీచ్" అన్నారు మాస్టారు, ఆ ఫైలు దాచారు కూడా.

ఆయన మాత్రం కళ్ళు మూసుకుని విని, మార్టినా స్కాటీయా అని పద్ధతితో సహా చెప్పేవారు. "ఇది స్కాటీ... పైన తెల్లగా ఉంది, ఆకాశం... ఇదిగో ఇప్పుడు అక్షరాలొస్తున్నాయి, ఎలా వణుకుతోందో విను." ఆ అక్షరాల వణుకు నాకూ కొన్నాళ్ళకి పట్టుబడింది. పెద్ద అక్షరాలు వచ్చేచోట శబ్దం తడబడుతుంది, మెట్ల మీంచి గోళీ జారినట్టు.

ఈ విద్యకి మొదలు 1950ల చివర్లో అమెరికాలో కెంటకీ యూనివర్సిటీలో చదువుకునే కాప్‌థోర్న్ మెక్‌డొనాల్డ్ అనే విద్యార్థి అని ఆయనే చెప్పారు. అప్పట్లో బొమ్మకి 8 సెకన్లు, 120 గీతలు, రాడార్‌లో వాడే లాంటి ట్యూబు. దాని మీద పడ్డ వెలుగు మెల్లగా ఆరిపోతుంది, అందుకని చీకటి గదిలో కూర్చుని, పైగీత ఆరకముందే కిందగీత చూసుకోవాలి. మాస్టారు కుర్రతనంలో ఆ సంగతి పత్రికల్లో చదివి ముచ్చటపడ్డారట, కానీ ఆ ట్యూబు కొనే స్తోమత లేక ఊరుకున్నారట. "ముప్పై ఏళ్ళు ఆగాను" అనేవారు. సౌండ్ కార్డున్న కంప్యూటరు ఇంట్లోకి వచ్చాకే ఆ కోరిక తీరింది. మకోటో మోరి అనే జపాన్ హ్యామ్ ఎంఎంఎస్ఎస్‌టీవీ అనే ప్రోగ్రామ్ రాసి ఉచితంగా ఇచ్చాడు. దాన్ని విజయవాడ నెట్ సెంటర్లో ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని బస్సులో జేబులో పెట్టుకొచ్చిన కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను వినేవాణ్ణి.

తర్వాత మేమే అల్యూమినియం రేకు డబ్బాలో చేసుకున్న సెట్టు గురించి చెప్పాలి. విదేశీ రిగ్, అంటే పంపడానికీ వినడానికీ పనికొచ్చే సెట్టు, కొనాలంటే ఆ రోజుల్లో ఆయన పెన్షన్ చాలదు. హైదరాబాదులో ఉండే అష్హర్ ఫర్హాన్ గారు బిట్ఎక్స్ 20 అని ఒక సెట్టు డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశారు. 14 మెగాహెర్ట్జ్ బ్యాండు, 6 వాట్లు. అందులో గొప్పేంటంటే, మన బజార్లో దొరికేవాటితోనే చేసుకోవచ్చు. కాయిల్ చుట్టడానికి కుళాయిల్లో వేసే ప్లాస్టిక్ వాషరు, ట్రాన్స్‌ఫార్మర్లకి టీవీ యాంటెన్నా బాలన్. మాస్టారు నన్ను తీసుకుని కోఠీ వెళ్ళి, గుజరాతీ గల్లీలో కొట్టు కొట్టుకీ తిరిగి, 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ ఇరవై కొని, ఇంటికొచ్చి వాటిలో దగ్గర దగ్గరగా ఉన్నవి నాలుగు ఏరారు. వాషరుకి తీగ చుట్టింది నేనే. లెక్క తప్పితే మొదటికే. చుట్లు లెక్కపెడుతుంటే అమ్మగారు కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడేవారు, నేను "ఎనభై రెండు, ఎనభై మూడు" అని పైకి అనేదాకా లోపలికి వచ్చేవారు కాదు.

ఆ సెట్టుకి గాలి తగిలితే ఫ్రీక్వెన్సీ జరిగిపోయేది. అందుకని బొమ్మ వస్తున్నంతసేపూ ఫ్యాను కట్టెయ్యాలి, బాపట్లలో, మే నెలలో. అయినా జరిగేది. జరిగితే బొమ్మ పైన పట్టపగల్లా మొదలై, కిందకొచ్చేసరికి సంధ్య చీకటి పడేది. మాస్టారు నాబ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని, తలవెంట్రుకంత తిప్పి, మళ్ళీ పగలు చేసేవారు. బొమ్మ పక్కకి వాలిపోవడం ఇంకో సమస్య. పంపేవాడి గడియారానికీ మన సౌండ్ కార్డు గడియారానికీ పిసరంత తేడా ఉంటే చాలు, ఒక్కో గీతా కాస్త కాస్త జరిగి మొత్తం ఇల్లు ఏటవాలుగా వచ్చేది. దాన్ని మౌసుతో నిలబెట్టేవాళ్ళం.

గడియారమంటే గుర్తొచ్చింది. ఆ గదిలో గోడకి రెండు ఉండేవి. ఒకటి మన టైము, రెండోది అయిదున్నర గంటలు వెనక, లాగ్ బుక్ కోసం. ఏ బొమ్మ వచ్చినా ముందు టైము, ఫ్రీక్వెన్సీ, ఏ పద్ధతి, ఎంత బలంగా వచ్చింది, రాశాకే మాట. "చూసింది మర్చిపోతావు, రాసింది ఉంటుంది" అని నా చేతికి పెన్ను ఇచ్చేవారు.

ఇక కరెంటు. వీధిలో అందరి టీవీలూ, ట్యూబులైట్ చోకులూ, ఫ్యాన్ రెగ్యులేటర్లూ కలిసి రేడియోలో ఒకటే గోల. మా మానిటరే పెద్ద గోల. కరెంటు పోగానే, అబ్బ, ఆ నిశ్శబ్దం! బురద నీళ్ళు తేరుకున్నట్టు బ్యాండు తేటపడేది, అంతవరకూ లేని సిగ్నల్స్ పైకి తేలేవి. రిగ్ కారు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దానికి ఢోకా లేదు. కానీ కంప్యూటరు ఆగిపోయేది. వినడానికి అంత బాగున్నప్పుడే చూడ్డానికి లేదు.

దానికి మాస్టారు కనిపెట్టిన ఉపాయమే టేప్ రికార్డర్. నాలుగు లావు సెల్స్ వేసి పక్కన ఉంచేవారు. బొమ్మంటే శబ్దమే కదా, శబ్దాన్ని దాచుకుంటే కరెంటొచ్చాక చూసుకోవచ్చు. నాకిప్పటికీ ఆ ఆలోచన అంటే ఎంతో ఇష్టం. ఒక చిన్న చిక్కు, మోటారు సమంగా తిరగదు, టేపు కాస్త సాగుతుంది, కాస్త బిగుస్తుంది. దాంతో బొమ్మ అంచులు వంకర్లు తిరిగేవి. "బొమ్మ నీళ్ళలో ఉందిరా" అనేవారు.

ఆ క్యాసెట్టు రాత్రి గురించి.

వాయుగుండం అని రెండు రోజులుగా ముసురు. ట్యూషన్‌కి వచ్చింది నేనొక్కణ్ణే. అంతకు ముందు వారం మా బ్యాచ్ అంతా అరుగు మీద మాస్టారితో కలిసి ఒక ఫోటో దిగాం, దాన్ని ఆయన స్కాన్ చేయించి, పైన తన కాల్ సైన్ వేసి సిద్ధం చేశారు. ఆ సాయంత్రం బ్యాండు యూరప్ వైపు తెరుచుకుంది, అక్కడి సిగ్నల్స్ అందడం మొదలైంది. ఇటలీ ఆయనొకడు బొమ్మ పంపాడు, చాలా తేటగా. మాస్టారు నా వైపు చూసి "పంపుదామా?" అన్నారు. బటన్ నన్నే నొక్కమన్నారు. 114 సెకన్లు మా మొహాలు శబ్దమై యాంటెన్నా తీగ మీంచి వెళ్ళిపోయాయి. 6 వాట్లు అంటే సున్నా బల్బుకి కూడా చాలదు. ఆపకుండా పంపితే ట్రాన్సిస్టర్ వేడెక్కిపోతుంది, మాస్టారు దాని రేకు మీద ఒక వేలు ఆనించి, రెండో చేత్తో విసనకర్రతో విసురుతూనే ఉన్నారు. అయిపోయింది. వినడానికి మార్చారు. గరగర. ఏమీ లేదు. మళ్ళీ గరగర. అంతలో ఇటలీ ఆయన గొంతు, మా కాల్ సైన్ పలికి, బొమ్మ అందింది, నీ బొమ్మ నీకే చూపిస్తాను చూడు అన్నాడు. ఇది ఆ లోకంలో మర్యాద, మనం పంపింది వాళ్ళకి ఎలా అందిందో వాళ్ళ బొమ్మలో ఒక మూలన పెట్టి తిరిగి పంపుతారు.

టోను మొదలవ్వబోతుంది, కరెంటు పోయింది.

మాస్టారు చీకట్లోనే తడిమి టేప్ రికార్డర్ అందుకున్నారు. తీగ వెతికే టైము లేదు, రిగ్ స్పీకరుకి ఎదురుగా పెట్టి బటన్ నొక్కేశారు. దాంతో గదిలో ఉన్నదంతా ఎక్కింది, వాన, పెంకుల మీంచి కారే నీళ్ళు, మా ఊపిరి. అమ్మగారు పాపం, సంగతి తెలీక గుమ్మంలోంచి "ఏవండీ, దీపం తేనా?" అన్నారు. మాస్టారు "ష్" అన్నారు. అంతే, మళ్ళీ ఎవ్వరం మాట్లాడలేదు.

కరెంటు మర్నాడు రాత్రికి గానీ రాలేదు. రాగానే పెట్టాం. సెల్స్ వీకై ఉన్నాయేమో, బొమ్మ మరీ వంకర్లు పోయి, సగం నుంచి కింద గుర్తుపట్టలేనట్టు వచ్చింది. తీగ పెట్టి రికార్డు చేయాల్సింది అని మాస్టారు చాలా రోజులు బాధపడ్డారు. కొన్నాళ్ళకి ఆ కంప్యూటరు డిస్కు కూడా పోయింది. క్యాసెట్టు ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు.

ఆ ఏడాదే డిసెంబరులో అండమాన్ నుంచి హ్యామ్ రేడియో పలికింది. ఎన్నో ఏళ్ళుగా అక్కణ్ణుంచి ఎవరూ లేరు, ప్రపంచమంతా ఎదురు చూస్తోంది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి స్టేషన్ పెట్టారు. మాస్టారికి పండగే. అంతలో ఆ ఆదివారం, 2004 డిసెంబరు 26. సునామీ. సూర్యలంక వైపు నుంచి జనం పరుగున వస్తున్నారని వీధంతా కేకలు. మాస్టారు నేరుగా గదిలోకెళ్ళి రిగ్ ఆన్ చేశారు. అక్కడ ఫోన్లు పోయిన చోట భారతి గారు, ఆమెతో ఉన్నవాళ్ళు రేడియో మీదే కబుర్లు చేరవేశారు, ఫలానావాళ్ళు క్షేమం, ఫలానావాళ్ళ గురించి కనుక్కోండి. ఆ రోజుల్లో మాస్టారు బొమ్మల జోలికి పోలేదు. మైకు కూడా ముట్టుకోలేదు, మనం మాట్లాడితే వాళ్ళకి అడ్డం అన్నారు. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ, లాగ్ రాస్తూ కూర్చున్నారు. అన్నం ఆ టేబుల్ దగ్గరికే వెళ్ళేది.

తర్వాత నేను ఇంజినీరింగ్‌కి వెళ్ళిపోయాను, ఆ తర్వాత హైదరాబాదు ఉద్యోగం. సూర్యుడి మీద మచ్చలు తగ్గితే దూరాల సిగ్నల్స్ సరిగా అందవు, ఆ రోజులొచ్చి 14 మెగాహెర్ట్జ్ సాయంత్రాలు మూగబోయాయి. మాస్టారు పైకి తిరిగారు. అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడూ 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంటారు, ఒక్కోటి రెండు నిమిషాలు, మన నెత్తి మీంచి దాటిపోయే పది నిమిషాల్లో రెండో మూడో దొరుకుతాయి. డాబా మీద చేత్తో యాంటెన్నా పట్టుకుని తిప్పుతూ పట్టేవారట, డెబ్భై దాటాక. ఫోన్ చేసి "ఇవాళ రెండున్నర వచ్చాయి" అనేవారు. ఆ అర బొమ్మ గురించే ఎక్కువ చెప్పేవారు. నేను ఆఫీసు హడావుడిలో "ఊఁ, ఊఁ" అనేవాణ్ణి. అది తలుచుకుంటే ఇప్పుడు కష్టంగా ఉంది.

హైదరాబాదు తిరిగొచ్చాక టేప్ రికార్డర్ కోసం నాలుగు చోట్ల అడిగాను. చివరికి మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్నగారిది ఇచ్చారు. క్యాసెట్టు ముందుకీ వెనక్కీ ఒకసారి తిప్పి, ఆడించాను. ముందు వాన. బాపట్ల పెంకుల మీద వాన. ఆ తర్వాత టోను, టిక్ టిక్.

ఎంఎంఎస్ఎస్‌టీవీ ఇప్పటికీ నడుస్తుంది, కానీ బొమ్మ అప్పటిలాగే వంకరగా వచ్చింది. అప్పుడు చేతకానిది ఇప్పుడు చేయొచ్చు కదా అనిపించింది. ప్రతి గీతతోనూ ఆ 1200 టిక్కు ఉందిగా, అది ఎక్కడ పడిందో వెతికి, రెండు టిక్కుల మధ్య ఉన్నదాన్ని సాగదీసో కుదించో ఒక్కో గీతనీ వరసలో నిలబెట్టేలా చిన్న ప్రోగ్రామ్ రాశాను. మూడు రాత్రులు పట్టింది. వర్షం చప్పుడులో కొన్ని టిక్కులు మునిగిపోయాయి, వాటిని చెవితో విని చేత్తో పెట్టాను. మూడో రాత్రి రెండింటికి బొమ్మ నిటారుగా నిలబడింది. ఇటలీ సముద్రం, పడవలు, కింద కుడి మూలన తపాలా బిళ్ళంత మేము. మొహాలు తెలియవు. మధ్యలో తెల్లగా ఉన్నది మాస్టారి చొక్కా. ఎడమ చివర కాస్త వంగి నిలబడ్డ నీడ నేను, స్తంభానికి ఆనుకున్నానని నాకు గుర్తు.

పడవలకి కాస్త పైన, ఆకాశంలో, ఒక మరక ఉంది. నాలుగైదు గీతల మందాన రంగులన్నీ చెదిరిపోయి, దాని కింద ఒక్క గీత తెల్లటి పొడి చల్లినట్టుగా. టిక్కు పడలేదేమోనని ముందు నా ప్రోగ్రామ్‌లోనే తప్పు వెతికాను. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చోటు విన్నాను.

పోయిన ఆదివారం లాప్‌టాప్, ఆ టేప్ రికార్డర్ పట్టుకుని బాపట్ల వెళ్ళాను. అమ్మగారు కళ్ళజోడు తుడుచుకుని బొమ్మ దగ్గరగా చూశారు. "ఈ చెదిరింది మీ గొంతండీ అమ్మగారూ, దీపం తేనా అని అడిగారు" అని వేలు పెట్టి చూపించాను. "ఈ కింద గీత, మాస్టారు ష్ అన్నది."

ఆవిడ ఆ గీత మీద వేలు ఆనించి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "టేపు పెట్టు నాన్నా" అన్నారు.

వాన దగ్గర్నుంచి పెట్టాను.